గొంతు లేని నెలల్లో పాట ఎత్తుకున్న పెద్దమ్మ

మా సంఘంలో ఇరవై ఏళ్లకు పైగా ఆరాధన నడిపించిన పెద్దమ్మ పోయిన మంగళవారం ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. గూడూరు బస్సు కోసం నిలబడి ఉంటే ఆమె కోడలు ఫోన్ చేసింది. "అన్నా, అత్తమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి జరసేపు పండుకుంట అన్నది. మళ్ల లేవలే." ఎక్కాల్సిన బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది.

ఆమె మాకు చుట్టం కాదు, పక్కింటామె. చదువు రాదు. పాటలన్నీ విని నేర్చుకున్నవే. చేలల్లో మిర్చి ఏరి బతికేది. ఏరే నెలల్లో ఆ ఘాటుకు గొంతు పోయేది. అయినా ఒక్క ఆదివారం కూడా తప్పుకోలేదు. అందరికంటే గంట ముందు వచ్చి, చాపలు పరిచి, ఖాళీ గుడిలో మోకరించేది. తర్వాత లేచి పల్లవి ఎంత వస్తే అంత అనేది. మిగతాది మేము అందుకునేవాళ్లం.

నేను డోలక్ వాయిస్తాను. ఎవరూ నేర్పలేదు, చూసి పట్టుకున్నదే. ఏదైనా ముందే కాగితం మీద ఉండాలి నాకు. శనివారం సాయంత్రం వెళ్లి, "పెద్దమ్మా, రేపు ఏం పాటలు?" అని అడిగేవాణ్ణి.

"ఇంకా అడగలే బిడ్డా" అనేది. ఆమె అడిగేది దేవుణ్ణని తెలియడానికి నాకు చాలా వారాలు పట్టింది. "నువ్వు రాసుకునేటోనివి, రాసుకో. జర పెన్సిల్‌తోని రాసుకో" అని నవ్వేది.

కొత్త గుడి ప్రతిష్ఠ మిర్చి ఏరే రోజుల్లోనే వచ్చింది. పైఊళ్ల విశ్వాసులు వస్తారు, పెద్దమ్మకు గొంతు లేదు. పరువు పోతుందని భయపడి, ఆమెకు చెప్పకుండా మహబూబాబాద్ నుంచి పాటల బృందాన్ని మాట్లాడాను. ముందు రోజు ఆమే అడిగింది.

"పాటలోళ్లు వస్తున్నరట గదా?"

"నీ గొంతు బాగలేదని, పెద్దమ్మా..."

"ఎన్నడు బాగున్నది రా నా గొంతు? రానియ్యి. తాగనీకి వేడి నీళ్లు నేను పెడత."

అన్నట్టే పెట్టింది. వాళ్లు చాలా బాగా పాడారు. మావాళ్లు ఫోన్లు ఎత్తి వీడియో తీసుకున్నారు. పెదవి కదిపినవాళ్లు లేరు.

ఆఖర్న పాస్టరుగారు పెద్దమ్మను ఒక్క పాట పాడమన్నారు. ఆమె లేచి నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. గుడంతా ఆమెనే చూస్తోంది. చూడలేక డోలక్ మొదలుపెట్టాను. ఆమె వచ్చి డోలక్ మీద అరచెయ్యి ఆనించి ఆపి, కళ్లు మూసుకొని అక్కడే నిలబడింది. అంత పొడుగు నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను.

అప్పుడు వెనకనుంచి, గొర్లు కాసే తాత పాట ఎత్తుకున్నాడు. పుట్టి ఎన్నడూ రాగంలో పాడినవాడు కాదు. ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దమ్మ కూడా నవ్వి, కానియ్యి అన్నట్టు చెయ్యి ఊపింది. ఆడవాళ్లు అందుకున్నారు, ఆ తర్వాత గుడంతా. బృందంవాళ్లు మైకులు కింద పెట్టి మాతోపాటు పాడారు.

గిన్నెలు కడిగేచోట అడిగాను. "భయం కాలేదా పెద్దమ్మా?"

"ఎందుకు కాలే? నా దగ్గర ఏం లేదు ప్రభువా అన్న. లేదని చెప్పుడు గూడ ప్రార్థననే బిడ్డా."

"మరి నవ్వినవేంది?"

"ఎవర్ని లేపుతడా అని సూస్తున్న. గా తాతను లేపిండు!"

నా మీద ఒక్క నిష్ఠూరం మాట కూడా లేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఎవరితోనూ ఆ సంగతి ఎత్తలేదు.

భూస్థాపన రోజు పాస్టరుగారు, "ఇయ్యాల పాట నువ్వే ఎత్తుకోవాలె" అన్నారు. నలుగురిలో నోరు తెరవని మనిషిని. ఆమె చివరి ప్రయాణం నా వల్ల మూగగా సాగుతుందేమోనని భయమేసింది. నా దగ్గర ఏమీ లేదని లోపలే చెప్పుకున్నాను. పెట్టె లేపారు. నేను నోరు తెరవకముందే పాట మొదలైంది.

ఎవరు ఎత్తుకున్నారని తర్వాత అడిగాను. "నేను కాదన్నా, గామె" అంది ఒకామె. ఆమెను అడిగితే, "నేను గాదు, ముందటినుంచి వచ్చింది" అంది. ముందున్నవాళ్లు వెనకనుంచి వచ్చిందన్నారు.

చేలల్లో మిర్చి ఏరేవాళ్లు నడుములెత్తి, కొంగులు తలమీదికి లాక్కుని నిలబడ్డారు. డోలక్‌తో నేను అందరికంటే వెనకబడ్డాను. ముందున్నవాళ్లు మలుపు తిరిగి కనబడకుండా పోయారు. ఎర్రటి చేల మీదుగా పాట మాత్రం వినబడుతూనే ఉంది.