పసుపు రంగెక్కని రక్తం

మా సూస్ మైదానంలో ప్లాస్టిక్ కప్పిన టమాటా తోటలు సముద్రం దాకా ఉంటాయి. ఆ తోటల్లో ఒకటి బెలైద్ అనే ఆసామిది. అక్కడి చిన్న ల్యాబులో తూదా పనిచేసేది. నేను పక్క షెడ్డులో కాయలు ఏరేదాన్ని. విదేశాలకు వెళ్లే కాయల్లో పురుగుమందు ఎంత మిగిలిందో చూడటం ఆమె ఉద్యోగం. మందు కొట్టే ఆడవాళ్ల సంగతి చూడమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

తనంతట తానే మొదలుపెట్టింది. వాళ్ల నాన్న నారింజ తోటల్లో పురుగుమందు కొట్టి కొట్టి, చొంగ కార్చుకుంటూ, వణుకుతూ పోయాడు. గుండె జబ్బన్నారు. ఆమె అగాదిర్ పట్నంలో చదువుకునేటప్పుడు అసలు సంగతి తెలిసింది. నరాల కబురు కండకు చేరాక దాన్ని అక్కడితో ఆపే ఎంజైము ఒకటి ఉంటుంది. అది రక్తంలోనూ కనిపిస్తుంది. కొన్ని పురుగుమందులు దాన్నే పనిచేయకుండా చేస్తాయి. చుక్క రక్తానికి రసాయనం కలిపితే, ఎంజైము బాగున్నవాళ్ల గొట్టం పసుపు రంగుకు తిరుగుతుంది.

ఆ ఏడు మందు కొట్టడం మొదలుకాకముందే మా అందరి వేళ్లూ గుచ్చి చూసింది. అన్నీ పసుపే. చలికాలంలో మొక్కలకు తెల్లదోమ పట్టింది. పేరూ ఊరూ లేని కొత్త మందు పీపాలు దిగాయి.

"యామ్నా, వేలు ఇటియ్యి," ఆ మందు కొట్టొచ్చిన ఆమెతో అంది తూదా.

"మళ్లీనా? నీకంటే దోమలు నయం తల్లీ, అడక్కుండా తాగి పోతాయి."

అందరం నవ్వాం. యామ్నా గొట్టం మాత్రం మంచినీళ్లలా ఉండిపోయింది. తూదా కొత్త రసాయనంతో మళ్లీ చేసింది. పక్కనే తన రక్తమూ పెట్టింది. తనది పసుపెక్కింది.

"కళ్లెలా ఉన్నాయే నీకు?"

"మసగ్గా ఉన్నాయక్కా. సూదిలో దారం ఎక్కట్లేదు."

తూదా ఆమెను వెలుతురులోకి తిప్పింది. కంటిపాపలు ఆవగింజంత అయిపోయి ఉన్నాయి. మందు ఒంట్లోకి ఎక్కిన గుర్తది అంది.

ఆ వారంలోనే మిగతావాళ్ల గొట్టాల్లోనూ పసుపు వెలవెలబోయింది. తూదా బెలైద్ గదికి వెళ్లింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. బెలైద్ చెడ్డవాడేం కాదు. పండక్కి మాకందరికీ మాంసం పంపేవాడు.

"నీ రసాయనం పాతబడి ఉంటుంది, తూదమ్మా."

"నా రక్తానికి రంగొచ్చిందండీ."

"ఈ ఆడవాళ్లు సరిగ్గా తినరు. రక్తం పల్చన."

"మీరు బాగానే తింటారుగా. మీ వేలివ్వండి."

ఆయన నవ్వుతూ చెయ్యి చాపాడు. ఎవరి కొలత మీదా నమ్మకం లేక ఆ పీపాల మందు ఆయనే స్వయంగా కలిపేవాడు. మేం ముగ్గురం గొట్టం వంక చూస్తూ ఉండిపోయాం. బయట ప్లాస్టిక్ గాలికి టపటపలాడుతోంది. రంగు రాలేదు. ఆయన రుమాలుతో నోరు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు.

"ఈ పరీక్షే తప్పు," అని ల్యాబుకు తాళం వేయించాడు. "సరుకు ఓడెక్కాలి. ఇక ఇంటికి పో."

తూదా ఇంటికి పోలేదు. యామ్నానూ, వణుకు మొదలైన మరికొందరినీ కూరగాయల బండిలో ఎక్కించుకుని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఏ మందో ఎవరికీ తెలియదు. ఏ ఎంజైము పడిపోయిందో తూదా చెప్పింది. డాక్టరు వెంటనే విరుగుడు ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు. వాళ్లింకా మంచాల మీద ఉండగానే బెలైద్‌నూ మోసుకొచ్చారు. పీపాల పక్కన పడిపోయాడట. అంత నీరసంలోనూ ఆయన తూదా చెయ్యి వెతుక్కున్నాడు. ఆమె ఇచ్చింది.

అందరూ బతికారు. యామ్నాకు వేళ్ల తిమ్మిరి పోలేదు. బెలైద్ తోట అమ్మేశాడు. కొన్నవాళ్లెవరో మేం చూడలేదు. నెల తిరక్కుండానే మందు వాసన మళ్లీ మొదలైంది.

తూదా ఇప్పుడు ఆ ఆసుపత్రి ల్యాబులోనే ఉంటోంది. సెలవు రోజు మా వీధికి వస్తుంది. తోటల నుంచి ఆడవాళ్లు చాటుగా వచ్చి వేలిచ్చి పోతారు. మొన్న ఒకామె చంకలో బిడ్డతో వచ్చింది.

"నాది కాదక్కా, దీనిది చూడు. పాలు తాగట్లేదు, ఊరికే చొంగ కారుస్తోంది."

"తోటలోకి తీసుకెళ్తావా?"

"లేదక్కా. నేనొచ్చేదాకా అమ్మమ్మ దగ్గరుంటుంది. నేను రాగానే మందు కంపు కొట్టే ఈ పని బట్టల మీదే పడి నిద్రపోతుంది."

తూదా ఆ చిన్న వేలు పట్టుకుని స్పిరిటుతో తుడిచింది. తర్వాత సూది తీసింది.