మీటరుకు కప్పిన గొంగడి

చివ్వెంల అచ్చయ్య ముప్పై ఏళ్లు గొర్లు కాశాడు. మోకాళ్లు మొరాయించాక మందను అమ్మేసి ఇంట్లో కూర్చుంటే, భార్య కొమురమ్మ నోటికి తాళం పడలేదు. "మంచానికి కాపలా ఉన్నవా?" అని పొద్దున మొదలుపెడితే పడుకునేదాకా అదే పాట. అందుకే 2013 ఎండాకాలంలో అదే ఊరి రైతు భాస్కర్ తన పాలీహౌస్‌లో పని ఇస్తాననగానే అచ్చయ్య ఎగిరి గంతేశాడు. ఈ పని పోతే మళ్లీ ఆ మంచమే, ఆ నోరే!

పనంటే మిరప నారును కనిపెట్టుకుని ఉండటం. పైన కప్పిన ప్లాస్టిక్ షీటు పాతబడితే అతినీలలోహిత కిరణాలు లోపలికి దిగి ఆకుల్ని మాడుస్తాయట. వాటిని కొలవడానికి నారు మధ్యలో ఓ మీటరు పెట్టాడు భాస్కర్. దాని నెత్తిన గాజు కన్ను, పక్కన అంకెలు. రోజుకు మూడుసార్లు ఆ అంకెను పుస్తకంలో రాయాలి, ఐదు దాటితే నారు మీదికి నీడ వల లాగాలి.

మూడో రోజు అచ్చయ్య మీటరు మీద చెయ్యి వేశాడు. కాలిపోతోంది! అయ్యో, నోరు లేనిది. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లకు ఏం చేసేవాడో అదే చేశాడు, భుజం మీది గొంగడి తీసి నెత్తిన కప్పాడు. ఇక అన్నీ సున్నాలే. అచ్చయ్య గొంగడితో ఇంటికి పోయాక, పొద్దుగూకి వచ్చే భాస్కర్ పుస్తకం ఒక్కటే చూసి మురిసిపోయేవాడు. వారం రోజులు ఎవరూ వల జోలికే పోలేదు.

ఓ మధ్యాహ్నం భాస్కర్ ముందుగా వచ్చాడు. తలుపు దగ్గరే ఆగిపోయాడు, ఆకులు ముడుచుకుని గోధుమరంగుకు తిరిగాయి. "నకిలీ విత్తనం! సూర్యాపేట దుకాణపోని సంగతి జెప్త!" అని బయటికి పోయి బండి తీయబోయాడు. అచ్చయ్య గబుక్కున గొంగడి లాగేశాడు. అంకె తొమ్మిది! నోరు మూసుకుంటే ఎవడికీ తెలియదు. కానీ ఏ పాపం ఎరగని దుకాణదారు తన్నులు తింటాడే!

"ఆగు సారూ. మీటరుకు ఎండ తగుల్తదని నేనే గొంగడి కప్పిన."

"ఎండల నిలబడుడే దాని నౌకరి! నారు ఖతం జేసినవ్ గదనే పెద్దయ్యా! రేపటిసంది రాకు!"

అచ్చయ్య కళ్ల ముందు మంచం కదిలింది. అయినా గేటు వైపు పోకుండా వల తాడు దగ్గరికి నడిచాడు.

"యాడికి?"

"తీసేసింది రేపటిసంది గద. ఇయ్యాల పని ఇయ్యాల జెయ్యాలె. జర ఆ కొస పట్టు, మిగిలినయన్న బతుకుతయి."

ఇద్దరూ లాగారు. నారు మీద నీడ పరుచుకుంది. అంకె ఆరుకు దిగింది, నాలుగుకు దిగింది. సగం నారు ఇంకా పచ్చగానే ఉంది.

"రేపు ఎన్నింటికొస్తవ్?" ముఖం చూడకుండా అడిగాడు భాస్కర్.

"ఆరింటికే," అన్నాడు అచ్చయ్య, కళ్లు తుడుచుకుంటూ.