ఒళ్లోంచి దించి పాడిన పాట

"పాపకు జర ఏమన్న పాడరాదు," అన్నడు మా ఆయన, చెప్పులేసుకుంట.

"నా గొంతు ఇంటే పాప లోపట్నే ఉంటనంటది. నువ్వు నడువు," అన్న నేను.

గవే మా ఇద్దరి ఆఖరి మాటలు. ఆయన నవ్వుకుంట బండి స్టార్ట్ చేసిండు. చాదర్‌ఘాట్‌ల చిన్నపిల్లల బట్టలు కుట్టేటోళ్లున్నరు, వాళ్ల దగ్గర సరుకు తేనీకి పోయిండు. బ్రిడ్జి మీద లారీ తగిలింది. నాకప్పుడు ఏడో నెల.

ఆయన గురించి ఇంతకంటె చెప్ప. చెప్తే మా రమ్య రాసుడు ఆపుతది. రమ్య మా ఆడిబిడ్డ కూతురు, డిగ్రీ చదువుతుంది. నేను చెప్తున్న, ఆమె రాస్తుంది. నాకు సంతకం పెట్టుడు, బస్సు మీద పేరు చదువుడు, గంతే వచ్చు. నా అసొంటి తల్లులు ఇది చదువుతరని దవాఖానల అన్నరు. చదవరానోళ్లకు ఎవలన్న చదివి ఇనిపిస్తరు. వాళ్ల కోసం చెప్తున్న.

మాది నాంపల్లి టేషన్ ఎనక గల్లి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుట్టిన పిల్లల బట్టలు అమ్ముత. జుబ్బాలు, టోపీలు, మేజోళ్లు. పెండ్లి కాకముందు మా అమ్మతోని గూడ గదే పని. చిన్నప్పటి సంది ఒర్రి ఒర్రి నా గొంతు గిట్ల గరగర తయారైంది. ఫోన్‌ల మాట్లాడితే ఎవలైన "చెప్పండి సార్" అంటరు.

ఆయన పోయిన దుఃఖంల ఉండంగనే నొప్పులొచ్చినయ్. సర్కారు దవాఖానల కాన్పైంది. పాపను మంచిగ చూడకముందే తీస్కపోయి అద్దాల పెట్టెల పెట్టిన్రు. ముక్కుకు పైపు, కాలికి సూది, కండ్లకు గంతలు కట్టి నీలం లైటు కింద పండపెట్టిన్రు. నెలలు నిండలేదు అన్నరు, ఇన్‌ఫెక్షన్ అన్నరు, జాండిస్ అన్నరు, పవర్ ఎక్కువున్న మందులు నడుస్తున్నయ్ అన్నరు. నాకు అర్థమైంది ఒక్కటే. పాప ఇంక నాది కాలేదు, దవాఖానదే.

బరువు జర పెరిగినంక నర్సమ్మ నన్ను పిలిచి కుర్చీల కూసోపెట్టింది. పాపను నా రొమ్ము మీద, నడుమ బట్ట లేకుంట, బోర్ల పండపెట్టి పైనుంచి గుడ్డ చుట్టింది.

"దీన్ని కంగారూ మదర్ కేర్ అంటరమ్మా. నీ ఒంటి వేడే దీనికి మందు. ఏదన్న పాడు."

"నాకు పాటలు రావు సిస్టర్. నా గొంతు ఇన్నరు కదా."

"నేనేమన్న పోటీ పెట్టిన్నా? పాడు."

మా ఆయన అడిగిందే ఆమె అడిగింది. ఇగ కాదనబుద్ధి కాలేదు. కండ్లు మూసుకున్న. నోట్లెకు వచ్చింది నా ఫుట్‌పాత్ పాటే.

రా అక్కా రా, రావమ్మా రా,
మెత్తని జుబ్బా, పూల జుబ్బా,
కుట్టు గుచ్చని బుజ్జి జుబ్బా,
చెవులు కప్పే చిన్న టోపీ...

పక్కన కూసున్న తల్లులు కిసకిస నవ్విన్రు. "ఏందక్కా, గీడ గూడ దుకాణం తెరిచినవా?" అన్నది ఒకామె. నవ్వనియ్యి. పాప ఊపిరి నిమ్మళమైంది. గుప్పిట ఇడిచి, ఏళ్లు నా మెడ కింద ఆనిచ్చింది. ఆయన పోయినంక నేను తల పైకెత్తిన మొదటి రోజు గదే. ఊరంత ఎగతాళి చేసిన గొంతు నా బిడ్డకు నచ్చింది అనుకున్న.

ఇంటికి పంపేముందు చెవులల్ల చిన్న బుడిపె పెట్టి హియరింగ్ స్క్రీనింగ్ చేసిన్రు. "రెండు వైపులా రిఫర్ వచ్చింది. అంటే మళ్లీ చూడాలి. చెవిలో తడి ఉన్నా అట్లా వస్తుంది, భయపడకండి," అన్నరు. మళ్ల రమ్మన్నరు. సరే అన్న. నిజంగనే భయపడలేదు. నా పాటకు ఊకునే పిల్లకు చెవులకేమైతది?

ఇంట్ల మా అత్తమ్మ ఉన్నది. మా ఆయన తల్లి. ఆమె పాడితే గల్లిల ఆడోళ్లంత పని ఇడిచిపెట్టి ఇంటరు, గంత తియ్యటి గొంతు. తొట్టెల ఊపుకుంట ఆమె పాడుతనే ఉండేది, పాప ఏడుస్తనే ఉండేది. నేను ఎత్తుకొని గరగర మొదలుపెట్టంగనే ఊకునేది.

"గిదేం పోరే! బెల్లం పెడితే ఉమ్మేసి కాకరకాయ నములుతది," అనేది అత్తమ్మ.

రైలు కూత పెడితే గల్లిల చంటిపిల్లలంత ఉలిక్కిపడి లేస్తరు. మాది కదలదు. "నా మనుమరాలు నిమ్మళమైంది, వాళ్ల నాయన లెక్క," అని అందరికి చెప్పుకునేది. నేను గూడ మురిసిపోయేదాన్ని.

ఒకరోజు పక్కింట్ల పెండ్లి. మా గడప ముంగట్నే పటాకుల లడీ అంటిచ్చిన్రు. నేను చెవులు మూసుకొని లోపటికి ఉరికిన. పాప తొట్టెల మేల్కొనే ఉన్నది. గోడ మీద పటాకుల ఎలుగు ఆడుతుంటే చూసి నవ్వుతుంది. బయట అంత మోత, రెప్ప గూడ కొట్టలేదు.

"ధైర్యం గలది," అన్నది అత్తమ్మ.

"ధైర్యం కాదత్తమ్మా. రేపు దవాఖానకు పోదాం."

రెండోసారి గూడ రిఫరే వచ్చింది. తర్వాత బెరా టెస్ట్ అన్నరు. పాపకు నిద్ర మందు తాగిచ్చి, తలకు వైర్లు పెట్టి, చెవుల సప్పుడు చేసి కంప్యూటర్‌ల గీతలు చూసిన్రు. చెవుల డాక్టరమ్మ మమ్ముల లోపట కూసోపెట్టింది.

"రెండు చెవుల్లోనూ లాస్ ఉందమ్మా. సివియర్ టు ప్రొఫౌండ్ అంటాం. అంటే దాదాపు వినపడటం లేదు."

"తప్పు మేడం. నేను పాడితే ఊకుంటది."

"ఔ మేడం," అన్నది అత్తమ్మ. "నేనెంత మంచిగ పాడినా ఊకోదు. దీని బొంగురు గొంతుకే ఊకుంటది."

డాక్టరమ్మ కోపం చెయ్యలేదు. "ఎక్కడ పెట్టుకుని పాడతారు?" అని అడిగింది.

"ఎక్కడంటే... రొమ్ము మీదనే."

"ఒకసారి ఒళ్లోంచి దించి, ఈ మంచం మీద పడుకోబెట్టండి. ఆమెకు కనపడకుండా తల వెనక నిలబడి పాడండి. చెయ్యి ఆనించొద్దు."

పండపెట్టిన. ఎనకకు పోయి మెల్లగ మొదలుపెట్టిన. పాప ఫ్యాను దిక్కు చూస్తుంది. గొంతు పెంచిన. ఫ్యాను దిక్కే చూస్తుంది. ఆకలైందేమో, ఏడుపు అందుకున్నది. నేను ఇగ ఆబిడ్స్‌ల ఒర్రినట్టే ఒర్రిన, రా అక్కా రా, రావమ్మా రా అని. తలుపు తెరిచి వాచ్‌మన్ తొంగిచూసిండు. "బట్టలమ్మేటోళ్లను లోపటికి ఎవలు రానిచ్చిన్రు?" అన్నడు. పాప ఏడుస్తనే ఉన్నది. నేను గాడ లేనే లేనట్టు ఏడుస్తుంది.

ఎత్తుకొని రొమ్ముకు ఆనిచ్చి గదే పాట పాడిన. ఊకున్నది.

అత్తమ్మ కొంగు నోట్ల పెట్టుకున్నది.

"మీరు పాడితే ఛాతీ అదురుతుంది. మీ గొంతు బరువైంది కాబట్టి ఎక్కువ అదురుతుంది. అది ఆమెకు తెలుస్తోంది. పాట తెలియడం లేదు," అన్నది డాక్టరమ్మ.

"అయితే నేను గిన్ని రోజులు పాడింది ఉత్తదేనా మేడం?"

"ఉత్తది కాదు. అస్సలు ఆపకండి. ముందు ముందు అదే పనికొస్తుంది."

ఆ మాట పట్టుకొనే బతికిన.

ముందుగాల్ల హియరింగ్ ఎయిడ్స్ పెట్టిన్రు. పెట్టినప్పుడల్ల పీకి నోట్ల పెట్టుకునేది. అవి కుయ్ కుయ్ అని కూసేటియి. వాటికి గూడ దిష్టి తగుల్తదని అత్తమ్మ కాటుక చుక్క పెట్టింది. గల్లిల తలా ఒక మాట. "పెద్దగైతే అదే ఇంటది, గిప్పటి సంది మిషన్లేంది?" అన్నరు. కొన్ని నెలలు చూసినా ఫాయిదా కానరాలేదు. అప్పుడు డాక్టరమ్మ కాక్లియర్ ఇంప్లాంట్ అన్నది. చెవి ఎనక ఎముక జర తొలిచి, లోపట వైరు పెడతరట. బయట మిషన్ అంటుకొని ఉంటదట. చిన్న వయసుల చేస్తేనే మాటలు మంచిగ వస్తయట. సర్కారు స్కీముల అయితదన్నరు.

ఇంటికొచ్చినంక అత్తమ్మ నా మీదికి లేచింది. "నా కొడుకు పోయింది సాలదా? గిప్పుడు మనుమరాలి తలకాయ కోపిస్తవా?"

"నీ కొడుకు ఆఖరికి నన్ను అడిగింది ఒక్కటే అత్తమ్మా. పాపకు పాడుమన్నడు. అది ఇనకుంటే నేనెవలకు పాడాలె?"

సీటీ, ఎమ్మారై, టీకాలు అన్ని అయినంక ఆపరేషన్‌కు రమ్మంటే, జరమొచ్చి ఒకసారి, సర్దయి ఒకసారి ఎనకకు పంపిన్రు. మూడోసారి పోయిన పొద్దున నాకంటె ముందు తానం చేసి, చాయ్ ఫ్లాస్క్ పట్టుకొని గడపల నిలబడ్డది అత్తమ్మనే.

ఆపరేషన్ మంచిగైంది. కుట్ల కాడ వాచి మళ్ల జర పరేషాన్ చేసింది గని, తగ్గింది. తర్వాత మిషన్ స్విచ్ ఆన్ చేసే రోజొచ్చింది. ఫోన్లల్ల చూసినం కదా, తల్లి పిలుస్తది, పిల్ల నవ్వుతది. రమ్య వీడియో తీయనీకి రెడీగ ఉన్నది. మాటలు నేర్పే థెరపీ మేడం నా దిక్కు తల ఊపింది. నేను "అక్షితా" అని పిలిచిన.

పాప గజ్జుమని వణికి ఏడ్చింది. మళ్ల పిలిస్తే చిన్న చెయ్యి తెచ్చి నా నోరు మూసింది. అత్తమ్మ సన్నగ పాట అందుకున్నది. పాప ఏడుపు ఆపి ఆమె మొఖం చూసింది.

"చూసినవా, నా పాట..." అనబోయి, నా మొఖం చూసి అత్తమ్మ నా భుజం మీద చెయ్యి ఏసింది.

గంత కష్టం నాకు ఆపరేషన్ అప్పుడు గూడ కాలేదు. చెవులు తెచ్చిచ్చింది నేను, నా గొంతే వద్దంటుంది.

థెరపీ మేడం అన్నది, "చాలామంది పిల్లలు మొదట ఏడుస్తారమ్మా. మ్యాపింగ్ అని, సౌండ్ కొంచెం కొంచెం సరిచేస్తాం. ఇంకోటి. ఇన్నాళ్లు మీరంటే ఆమెకు అదురు. ఈ శబ్దం కూడా మీదేనని తెలియాలి కదా. మిషన్ పెట్టి, ఆమె చెయ్యి మీ ఛాతీ మీద ఉంచి, పాత పాటే మెల్లగా పాడండి."

అట్లనే చేసిన. పొయ్యి కాడ, రైలు పట్టాల పక్కన, ఆబిడ్స్‌ల గిరాకి లేనప్పుడు గొడుగు కింద. చెయ్యి పట్టి రొమ్ము మీద పెట్టుకునుడు, రా అక్కా రా. మొదట్ల చెయ్యి గుంజుకునేది. తర్వాత ఉంచింది. తర్వాత తనే తెచ్చి పెట్టేది.

ఒక ఐతారం ఫుట్‌పాత్ మస్తు రష్ ఉన్నది. అత్తమ్మ గోడ పొంటి పాపను ఒళ్ల పెట్టుకొని కూసున్నది. నేను అటు మొఖం చేసి గిరాకిని పిలుస్తున్న. మెత్తని జుబ్బా, పూల జుబ్బా అని. ఎనకకెళ్లి నా చీర ఎవలో గుంజిన్రు. మల్లి చూస్తే పాప. అప్పుడప్పుడే నడక నేర్చింది. అత్తమ్మ ఒళ్లకెళ్లి జారి, మూటల నడుమ పడుకుంట లేచుకుంట వచ్చింది. నా కాలు పట్టుకొని పైకి చూసి, "బ్బా" అన్నది.

ఒళ్ల లేదు. రొమ్ముకు ఆని లేదు. చెయ్యి తాకలేదు. గంత మంది మోతల, హారన్లల్ల, నా గొంతు పట్టుకొని వచ్చింది.

"జుబ్బా అంటుందే!" అని అత్తమ్మ గోడ కాడ్నుంచే ఒర్రింది. గిరాకి ఒకామె "నాకు ఆ పూలది చూపియ్యమ్మా" అని నిలబడ్డది. నేను చూపియ్యలే. రోడ్డు మీదనే కూసొని ఏడ్చిన. ఆమె మంచిది, ఆగింది.

ఇప్పుడు అక్షిత గన్‌ఫౌండ్రీ కాడ బడికి పోతుంది. తోటి పిల్లలతోని కొట్లాడుతుంది. కొన్ని మాటలు ఇంక తిరగవు, "స" అంటే "త", "ర" అంటే "ల" అంటది. థెరపీ నడుస్తుంది. మిషన్ ఊడుతది, చెమటకు తడుస్తది, కొత్త జాగల మోతకు చిరాకు పడ్తది. ఒక్కరోజుల అయ్యే పని కాదు ఇది, అబద్ధం చెప్ప.

అయితే ఐతారం నా పక్కన నిలబడి, గొంతు కావాలని బొంగురు చేసి, "లా అక్కా లా" అని పిలుస్తది. పోయేటోళ్లు ఆగుతరు, నవ్వుతరు.

"నా గొంతు రావాల్సిన పోరి, నీది పట్టుకున్నదే," అంటది అత్తమ్మ.

"ఆబిడ్స్‌ల నీ గొంతు ఎవలకు ఇనవడ్తది అత్తమ్మా?" అంట నేను. నాకంత గర్వం. ఎందుకు దాసుకోవాలె?

తల్లులకు ఒక్కటే చెప్త. ఎత్తుకుంటే ఊకున్నది కదా, ఇనవడ్తుంది అనుకోకున్రి. ఒళ్లోంచి దించున్రి. ఎనక నిలబడి, తాకకుండ, నీడ పడకుండ పిలువున్రి. తిరగకపోతే ఎవ్వల మాట ఇనకుంట దవాఖానకు పోయి చూపియ్యున్రి. తిరిగినా సరే, రమ్మన్న టెస్టుకు మాత్రం పోవాలె. పాట మాత్రం ఆపకున్రి, గొంతు ఎట్లదైన సరే.

రమ్యా, సాలు బిడ్డా. ఇగ మొదట్నుంచి ఒకసారి చదువు. మీ మామ అన్న మాట కాడికెళ్లి. జర గట్టిగ చదువు, అక్షిత గూడ ఇంటది. ఆగు ఆగు, మిషన్ పెట్టనియ్యి దానికి. ఆఁ, ఇప్పుడు చదువు.