మా చిన్నాన్న పెట్టిన ఆకుపచ్చ దీపం

పోయిన నెల ఒక సోమవారం పొద్దున మా చిన్నాన్న పోయాడు. టీ తాగి, పెదబయలు రోడ్డు మీదున్న తన షెడ్డు తలుపులు తీసి, బల్ల మీద కూర్చుని, అలాగే పక్కకి ఒరిగిపోయాడట. ఎదురుగా పకోడీలు వేసే ఆవిడ చూసి కేకపెట్టేసరికే అంతా అయిపోయింది. మా ఊళ్ళో సిగ్నల్ అందదు కాబట్టి ఆయన కొడుకు, అంటే మా తమ్ముడు, కొండ మీదికెక్కి నాకు ఫోన్ చేశాడు. "అక్కా, నాన్న ఎల్లిపోనాడే" అన్నాడు.

నేను బస్సు దిగి ఊరు చేరేసరికి వాకిలి నిండా జనం. వచ్చినవాళ్ళలో సగం మంది జీపుల వాళ్ళే. మైదానం నుంచి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టుకున్న ఒకాయన నన్ను ఓదారుస్తూ, "పాపం, జీపులు బాగుచేసుకుంటూ బతికేశాడమ్మా, మంచివాడు" అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు, నాకు తెలుసు. అయినా ఆ "పాపం" అన్న మాటకి నాకు ఒళ్ళు మండింది. ఏడుస్తున్నదాన్ని ఏడుపు ఆపి ఆయన వంక గుర్రుగా చూశాను. ఇది రాయడానికి కారణం అదే. మీలో ఎవరూ మా చిన్నాన్నని ఎరగరు. ఆయన జీపులకి దీపాలు పెట్టాడు, నిజమే. ఒక విమానానికి కూడా పెట్టాడు.

ఆయనది ఆటో ఎలక్ట్రీషియన్ పని. హారన్లు, డైనమోలు, హెడ్‌లైట్లు. చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. వైరింగ్ బొమ్మ గీయాల్సి వస్తే షెడ్డు తలుపు రేకు మీద సుద్దముక్కతో గీసేవాడు. వాన జల్లు కొడితే బొమ్మ పోయేది, మళ్ళీ గీసేవాడు. వైరు ముక్కల్ని రంగుల వారీగా పౌడరు డబ్బాల్లో దాచుకునేవాడు. ఎక్కడ అతుకు వేసినా జానెడు వైరు మిగులు వదిలి, చుట్టచుట్టి కట్టేవాడు. ఎందుకు చిన్నాన్నా దండగ అంటే, "రేపొచ్చి బాగుసేసేవోడు మనల్ని తిట్టుకోకూడదు కదేటే" అనేవాడు. ఆ రేపొచ్చేవాడు కూడా చాలాసార్లు ఆయనే.

దీపం పెట్టమని ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న అడిగేవాడు. "ఈ దీపం నీకేటి సెప్పాల?" వచ్చినవాడు బుర్ర గోక్కునేవాడు. దీపం వెలగాలి, అంతేగా! అంతే కాదు మా చిన్నాన్నకి. ఏ మాట చెప్పడానికి వెలగాలో, ఏ మాట చెప్పడానికి ఆరాలో తేలేదాకా ఆయన చేతిలోకి కటింగ్ ప్లేయరు వచ్చేది కాదు. నేను పాలిటెక్నిక్‌లో మూడేళ్ళు చదివి డిప్లొమా తెచ్చుకున్నాను. అక్కడ మాకు ఓమ్ సూత్రం చెప్పారు, లెక్కలు చేయించారు, ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు.

డిప్లొమా అయ్యాక నాకు మైదానంలో ఒక పాత రన్‌వే పక్కన షెడ్డులో పని దొరికింది. రిటైరైన ఇంజనీరు ఒకాయన అక్కడ సొంతంగా విమానం కట్టుకుంటున్నాడు. కారులా కొనుక్కునేది కాదు. ప్లాన్లు తెప్పించుకుని చెక్క, జిగురు, గుడ్డ పెట్టి చేతులతో కట్టుకునే విమానం, ఇద్దరు పడతారు. ఆయన్ని అందరం సారు అనేవాళ్ళం. నన్ను చేర్చుకున్న వారానికే ఆయన ఒక పని అప్పగించాడు. పైలట్ ముందు నాలుగు దీపాల పలక కావాలి. బ్యాటరీ ఛార్జి అవుతోందా, పెట్రోలు పంపు ఆడుతోందా, పెట్రోలు తగ్గిందా, తల మీద మూసుకునే అద్దపు మూత గడియలు పడ్డాయా. "నువ్వు చేసి చూపించు. పనికొస్తే ఉంచుతాను, రాకపోతే బయటి దేశం నుంచి తెప్పించి బిగిస్తాను" అన్నాడు. ఆ పలక పక్కనపడితే నా ఉద్యోగమూ పక్కనపడ్డట్టేనని ఆయన అననక్కర్లేదు.

నేను సారు ప్లాను కాగితాలు పట్టుకుని తిన్నగా పెదబయలు వచ్చేశాను. చిన్నాన్న వాటిని తిరగేసి మరగేసి చూసి, "ఇమానవైతే ఏటి? బ్యాటరీ బ్యాటరీయే కదా" అన్నాడు. మూడు రోజులు ఇద్దరం షెడ్డులోనే కూర్చున్నాం. పిన్ని చోడి అంబలి, అంటే రాగి జావ, తెచ్చి పెట్టేది, మా బొమ్మలు చూసి నవ్వేది. రేకు ముక్క కోసి, నాలుగు హోల్డర్లు బిగించి, వైర్లకి టంకం పెట్టి, బల్ల మీద బ్యాటరీకి కలిపితే నాలుగు దీపాలూ చక్కగా వెలిగాయి. నేను చప్పట్లు కొట్టాను. దాన్ని పాత చీరలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, ఘాట్ రోడ్డు మలుపులన్నీ దాటుకుంటూ ఇద్దరం బస్సులో వెళ్ళాం.

విమానంలో బిగించాం. స్విచ్చి వేశాం. ఒక్క దీపమూ వెలగలేదు.

ఎందుకో చెబితే మీరూ నవ్వుతారు. జీపుకి దీపం పెట్టేటప్పుడు ఎవరైనా ఒక్క వైరే లాగుతారు. కరెంటు తిరిగి రావడానికి రెండో వైరు అక్కర్లేదు, జీపు ఇనుప బాడీయే దారి ఇస్తుంది. దాన్నే బాడీ ఎర్త్ అంటారు. చిన్నప్పటి నుంచీ ఆ షెడ్డులో పెరిగినదాన్ని, డిప్లొమా చదివినదాన్ని, నేను కూడా ఆలోచించకుండా దీపానికి ఒక్క వైరే లాగి, రెండో కొసని మర పెట్టి బాడీకి బిగించేశాను. చిన్నాన్నా అదే చేశాడు. బల్ల మీద పలక రేకే ఆ దారి ఇచ్చింది, ఇక్కడ బాడీ చెక్క! కొండ మీద జీపుల వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు అది. షెడ్డులో కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. సారు నవ్వలేదు గాని, "ఏమయ్యా మేస్త్రీ, చెక్కలో కరెంటు పారుతుందా?" అన్నాడు. నాకు నేలలోకి దిగిపోవాలనిపించింది.

చిన్నాన్న మొహం చిన్నబుచ్చుకోలేదు. చెక్కని వేలితో టక్‌టక్ మని కొట్టి, "అవును బాబూ, ఇది కొయ్య. నాను ఇనుమనుకున్నాను, తప్పు నాదే" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "బేగి నల్లవైరు తియ్యే గుంటా. బాడీ లేకపోతే మనవే ఏద్దాం" అన్నాడు. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. సాయంత్రానికి ప్రతి దీపం నుంచీ ఒక్కొక్క నల్లవైరు లాగి, అన్నింటినీ ఒకే రాగి పలక దగ్గర కలిపి, అక్కడి నుంచి బ్యాటరీకి ఇచ్చాం. దీపాలు వెలిగాయి. తప్పుని తప్పు అని అంత తేలిగ్గా ఒప్పుకుని వెంటనే చెయ్యి కదిపినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

అసలు గొడవ మర్నాడు పొద్దున వచ్చింది. మూత గడియ పడకపోతే ఎర్ర దీపం వెలగాలని సారు ప్లానులో ఉంది. మూత సరిగ్గా పడకుండా ఎగిరితే గాల్లో అది లేచి ఊడిపోవచ్చు, మనిషి ప్రాణం మీదికి రావచ్చు. చిన్నాన్న ఆ దీపం దగ్గర ఆగిపోయాడు.

"ఎర్రది ఎలగకపోతే మీరేటనుకుంటారు బాబూ?"

"గడియ పడిందనుకుంటాను."

"దీపం మాడిపోనాదనుకోండి. వైరు తెగిపోనాదనుకోండి. అప్పుడూ ఎలగదు కదా?"

సారు కాస్త విసుక్కున్నాడు. "ప్రపంచమంతా ఇలాగే పెడతారయ్యా."

అప్పుడు చిన్నాన్న, అంతమంది ముందు, నాకు కూడా తెలియని సంగతి ఒకటి చెప్పాడు. చాలా ఏళ్ళ కిందట ఒక జీపులో ఇంజనాయిలు తగ్గితే వెలిగే ఎర్ర దీపం మాటిమాటికీ మిణుకుమనేదట. సంత రోజున ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు దాన్ని చూసి భయపడి దిగిపోయి వేరే జీపు ఎక్కేస్తున్నారని, దాన్ని తీసెయ్యమని డ్రైవరు వచ్చాడు. చిన్నాన్న వైరు పీకేశాడు. దీపం ఆరింది, అందరూ హాయిగా ఎక్కారు. రెండు సంతలు తిరక్కుండానే ఎత్తు మీద ఇంజను పట్టేసి, నిండు జీపు వెనక్కి జారి కొండవైపు కాలవలో పడింది.

"ఆ జీపులో ఈ గుంట తల్లి ఉంది. మా వదిన. సెయ్యి ఇరిగింది. ఇప్పటికీ తిన్నగా రాదు" అన్నాడు. "అప్పట్నుంచీ ఆరిన దీపాన్ని నాను నమ్మను బాబూ. అది బాగుండి ఆరిందో, సచ్చి ఆరిందో ఎలగ తెలుస్తాది?"

మా అమ్మ చెయ్యి విరగడం నాకు గుర్తుంది. కారణం మాత్రం ఆ రోజే విన్నాను. చిన్నప్పటి నుంచీ మా ఇంటి చోళ్ళ బస్తా మిల్లుకి మోసేది చిన్నాన్న ఎందుకో, మా అమ్మ తల మీద బరువు చూస్తే పరుగెత్తుకొచ్చి ఎందుకు దించుకునేవాడో అప్పుడు అర్థమైంది. తర్వాత ఇంటికెళ్ళి అమ్మని అడిగితే, "తెల్దేటి? మర్నాడే వచ్చి కాళ్ళట్టుకుని సెప్పీసాడు. నువ్వు సిన్నదానివి, నీకెందుకని సెప్పనేదు" అంది, జీడిపిక్కలు ఎండబోసుకుంటూ.

సారు ప్లాను కాగితం మడిచి పక్కన పెట్టాడు. తర్వాత, "సరే, మీ పద్ధతిలోనే పెట్టండి. పనిచెయ్యకపోతే మాత్రం మొత్తం పలక పీకేస్తాను" అన్నాడు. మేం ఎర్రది తీసేసి ఆకుపచ్చది పెట్టాం. ఎడమ గడియ దగ్గర ఒక చిన్న స్విచ్చి, కుడి గడియ దగ్గర ఇంకొకటి. రెండు గడియలూ పూర్తిగా పడితేనే కరెంటు రెండింటినీ దాటుకుని దీపానికి చేరుతుంది. ఎక్కడ ఏది తెగినా దీపం వెలగదు, వెలగకపోతే కదలకూడదు. పక్కన ఒక గుండీ కూడా పెట్టాం. అది నొక్కితే కరెంటు గడియల జోలికి పోకుండా నేరుగా దీపానికి వస్తుంది, అంటే దీపం బతికే ఉందని తెలుస్తుంది. అంతే. దీనికి పెద్ద చదువేమీ అక్కర్లేదు, అయినా ఆ ప్రపంచమంతటినీ ఎదిరించి అడిగే గుండె కావాలి.

అనుమతులన్నీ వచ్చి మొదటిసారి ఎగిరే రోజున చిన్నాన్న ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. సారు లోపల కూర్చుని మూత దించుకున్నాడు, రెండు గడియలూ తిప్పాడు. ఆకుపచ్చ దీపం వెలగలేదు. సారు మళ్ళీ తిప్పాడు. వెలగలేదు. షెడ్డు కుర్రాడొకడు, "జీపు మేస్త్రి దీపం కదా" అన్నాడు, నాకు వినపడేలాగే. అయిపోయింది, పలక పీకేస్తారు, మేం సంచులు సర్దుకోవడమే అనుకున్నాను.

సారు గుండీ నొక్కాడు. దీపం నిక్షేపంగా వెలిగింది. వదిలితే ఆరింది.

చిన్నాన్న అప్పటికే ఎడమవైపు వంగి చూస్తున్నాడు. అద్దం తుడిచిన గుడ్డపీలిక ఒకటి గడియ కొక్కెంలో ఇరుక్కుపోయి ఉంది. బయటికి చూస్తే గడియ పడినట్టే ఉంది, లోపల కొక్కెం సగమే పట్టింది. పీలిక లాగేసి మళ్ళీ తిప్పితే దీపం వెలిగింది. సారు మూత ఎత్తి, చిన్నాన్న వంక చూసి, "మేస్త్రి గారూ" అన్నాడు. అంతవరకూ "ఏమయ్యా"నే. ఆ "గారూ" విని నాకు ఏడుపొచ్చేసింది, సిగ్గుపడకుండా ఏడ్చాను. తర్వాత విమానం లేచింది, పది నిమిషాలు తిరిగింది, దిగింది. పలక దానిలోనే ఉండిపోయింది, నేనూ ఆ షెడ్డులోనే ఉండిపోయాను.

ఇంకొన్నాళ్ళకి సారు మా చిన్నాన్నని కూడా పక్కన కూర్చోబెట్టుకుని పైకి తీసుకెళ్ళాడు. దిగాక మేమందరం చుట్టూ మూగాం. "ఎలా ఉంది చిన్నాన్నా? మన కొండలు కనిపించాయా?" అని అడిగాను.

"ఏటో, నాను సూడనేదు. దీపమే సూత్తన్నాను. ఒక్కపాలి కూడా మిణకలేదే గుంటా!" అన్నాడు.

జన్మలో ఒక్కసారి ఆకాశంలోకి వెళ్ళి, కిందికి చూడకుండా తిరిగొచ్చిన మనిషి మా చిన్నాన్న. దానికి మేం ఆయన్ని ఎంత ఏడిపించామో! ఆయనా నవ్వేవాడు. ఇప్పుడు తలచుకుంటే మాత్రం నాకు నవ్వుతో పాటు గర్వం ముంచుకొస్తోంది. కొట్టాయన మళ్ళీ కనిపిస్తే ఈ మాట ఆయనకి చెప్పాలి.

దినం అయ్యాక నేను పనిలోకి వచ్చేశాను. ఇప్పుడు మా షెడ్డులో రెండో విమానం తయారైంది, అందులోనూ పలక మా పద్ధతిదే. నిన్న పొద్దున దాన్ని నడపడానికి కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది. ఆమెకి మా చిన్నాన్న ఎవరో తెలియదు. రన్‌వే చివర ఇంజను హోరుమంటోంది, వెనక గడ్డి నేలకి అణిగిపోయి ఉంది, ఆకాశం తేటగా ఉంది. అందరం ఆమె పైకి చూస్తుందనుకున్నాం. ఆమె మూత దించుకుని, గడియలు తిప్పి, తల వంచి పలక మీది ఆకుపచ్చ దీపం వంక చూస్తూ కూర్చుంది. ఇంజను అలా హోరుమంటూనే ఉంది, ఆమె కదల్లేదు. కాసేపటికి తల ఎత్తి, బ్రేకు వదిలింది.