మౌత్‌పీస్ లేని ట్రంపెట్‌కు కొట్టిన చప్పట్లు

కొత్తగా వచ్చిన విద్యార్థుల స్వాగతసభను నేను చెడగొడుతున్నానట... రికార్డు చేసిన ట్రాక్ వద్దన్నందుకు కెనడాలోని వాటర్లూలో మా తెలుగు సంఘం కమిటీ నాపై మోపిన నేరం ఇది. ఒప్పుకుంటున్నాను. కారణం మాత్రం వినండి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు... టొరంటో నగరంలోని నార్త్ యార్క్‌లో మా పక్క అపార్ట్‌మెంట్‌లో వెర్నన్ అంకుల్ ఉండేవారు. అమెరికా దక్షిణాది మనిషి, జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు. చిన్నతనంలో చర్చిలో మొదలుపెట్టి, డ్యాన్స్ హాళ్ళ బృందాలతో బస్సుల్లో ఆ దేశమంతా తిరిగారు. ప్రమాదంలో ముందు పళ్ళు పోతే, పసివాడిలా మొదటి స్వరం నుంచి మళ్ళీ ఊదడం నేర్చుకున్నారు. క్లబ్బుల్లో కొద్దిరోజుల కచేరీలకని టొరంటో వచ్చి అక్కడే ఉండిపోయారు. ఆ క్లబ్బులు మూతపడ్డాక పిల్లలకు పాఠాలు చెప్పుకున్నారు...

అంతటివారిని మనవాళ్ళు ఉగాది సభకు పిలిచి, ఒక సినిమా పాట ఇచ్చారు. సాయంత్రాలు గోడకు చెవి ఆనించి వినేదాన్ని... మన పాటలోని గమకం పట్టుబడేదాకా ఆయన వదల్లేదు.

సభ రోజు తెర వెనుక, అక్కడి తెలుగు సంఘం కార్యదర్శి రమణ అంకుల్ మా నాన్నతో అన్నారు: "ట్రాక్ రెడీగా ఉందండీ. ఆయన్ని ఊరికే పట్టుకుని నిలబడమనండి. వీడియోలో ట్రంపెట్ కనబడితే చాలు."

"పాపం, అంత ప్రాక్టీస్ చేశారు కదండీ?"

"లైవ్ అంటే రిస్కండీ బాబూ. తప్పు పోతే మన పరువేం కాను?"

ఆయనకు తప్పు పోతుందట!

వెర్నన్ అంకుల్ నావైపు చూశారు. ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పవలసింది నేనే... చెప్పాను. ఆయన పెదవులు ఆనించే మౌత్‌పీస్ ఊడదీసి కోటు జేబులో వేసుకున్నారు. వేదికపై పాట సాగినంతసేపూ ట్రంపెట్‌ను మోకాలి దగ్గర వేలాడదీసి, కదలకుండా నిలబడ్డారు. స్పీకర్లలో మాత్రం ట్రంపెట్ మోగుతూనే ఉంది.

మనవాళ్ళు చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. "ఇరగదీశాడ్రా తాత!" అని వెనుక వరుసలోంచి ఎవరో అరిచారు. ఒక్కరూ గమనించలేదు... ఒక్కరూ! ఆ చప్పట్లు తలచుకుంటే నాకు ఇప్పటికీ రోత.

అప్పుడు ట్రాక్ ఒక్క పాటకే. ఇప్పుడు సభ మొత్తానికీ ట్రాకే. వయొలిన్లూ డప్పులూ వెంట తెచ్చుకుని ఇంతదూరం వచ్చిన విద్యార్థులకు మా కమిటీ చెప్పిందీ అదే... పట్టుకుని నిలబడండి, చాలు.

మీ చిన్నతనంలో గోడ అవతలి నుంచి ఏ వాద్యం వినబడేదో కింద రాయండి. అంతకన్నా ముఖ్యం, శనివారం సభకు రండి. ట్రాక్ మొదలవగానే లేచి నిలబడండి. ఆపమనండి. తప్పులు పోతే పోనీ... ఆ విద్యార్థులనే వాయించనివ్వమని అడగండి!