రెండు బావులు కలిసిన చోటు

మా వదిన ఏ సంగతీ తెగేసి చెప్పదు. అన్నం ఎప్పటికి ఉడుకుతుందని అడిగితే పావుగంటలో అంటుంది, వెంటనే ‘అటూ ఇటూ అయిదు నిమిషాలు’ అని ఒక తోక తగిలిస్తుంది. పెళ్ళికి ముందు మా అన్నయ్య నచ్చాడా అని అడిగినా అలాంటి తోకే పెట్టిందట. అందులో అన్నయ్య ఎటు పడ్డాడో మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు. నేను బట్టలు కుట్టి బతికేదాన్ని. కత్తెర పడ్డాక అటూ ఇటూ అంటే కుదరదు. అందుకే ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. పనిచేసే చోట కూడా ఆమెను అటూఇటూ మేడమ్ అనే పిలుస్తారని తెలిసి, పాపం వాళ్ళకీ తప్పలేదన్నమాట అనుకున్నాను.

ఆమెది చమురు, గ్యాస్ బావుల్లో సర్వే పని. బావి అంటే నిలువుగా దిగుతుందని నా నమ్మకం. కాదట, కొంత లోతు పోయాక పక్కకు వంచి, కావలసిన చోటికి నడిపిస్తారట. కిందికి వెళ్ళి చూసేవాళ్ళెవరూ లేరు. తవ్వే మొనకు కాస్త వెనకగా, అయస్కాంతానికి అంటని గొట్టంలో ఒక పరికరం ఉంటుంది. బావి ఎంత వాలిందో, ఏ దిక్కుకు తిరిగిందో అది కొలుస్తుంది. దిక్కు తెలియడానికి భూమికున్న అయస్కాంత శక్తే దానికి ఆధారం. కొలిచేటప్పుడు గొట్టం కదలకూడదు కాబట్టి, తవ్వుతున్నంతసేపూ గొట్టంలోకి బురద నీళ్ళు తోసే పంపులు ఆపి, పైనున్న వాళ్ళంతా చేతులు కట్టుకుని నిలబడతారు. మళ్ళీ పంపులు వేయగానే ఆ పరికరం గొట్టంలో పారే బురదను ఆపుతూ వదులుతూ ఉంటుంది. ఆ అదుర్లు బురద వెంబడే కిలోమీటర్ల దూరం పైకి వస్తాయి. వదిన క్యాబిన్‌లో కూర్చుని వాటిని అంకెలుగా చదువుకుంటుంది. మొదటిసారి విన్నప్పుడు కోతలు కోస్తోందనుకున్నాను.

ఊరి చివరి గ్యాస్ బావి అదుపు తప్పి అంటుకున్నప్పుడు గానీ ఆ పని నా కంటికి ఆనలేదు. మంట మేడల కంటే ఎత్తుకు లేచింది. దాని హోరుకు మా కిటికీల అద్దాలు వణికాయి. వీధి ఖాళీ చేయించి మమ్మల్ని ఒక బడి గదుల్లో సర్దారు. అన్నయ్య అగ్నిమాపక దళంలో పనిచేస్తాడు. పక్కనున్న ట్యాంకులు వేడెక్కి పేలకుండా వాటి మీద నీళ్ళు కొట్టడం అతని వంతు. రోజూ మంటకు ఎదురుగా నిలబడి, బొబ్బలెక్కిన మెడతో, దిబ్బడేసిన చెవులతో తిరిగొచ్చేవాడు. ఏమడిగినా ‘ఏంటీ?’ అని అరిచేవాడు.

పైనుంచి ఆర్పడం ఎవరి వల్లా కాలేదు. ఒకటే దారి మిగిలింది. దూరంగా ఇంకో బావి తవ్వి, భూమి అడుగున మండే బావిని కలిసి, కిందినుంచి బరువైన బురద ఎక్కించి గ్యాస్ గొంతు నొక్కాలి. ఆ కొత్త బావికి దారి చూపే పని వదినకిచ్చారు. గురి ఎంతుంటుందని అడిగాను. ఆమె రెండు అరచేతులూ ఎదురెదురుగా పెట్టి, ఒక తల పట్టేంత చోటు చూపించింది. మూడు కిలోమీటర్ల కింద, ఎవరూ చూడని చీకట్లో, అంత లావు గొట్టం. దాన్ని దాటిపోతే కొంత బావి పూడ్చి మళ్ళీ తవ్వాలి, అంటే అన్నయ్య ఇంకో నెల మంట ముందు నిలబడాలి. ఆ సంగతి మాలో ఎవరమూ పైకి అనలేదు.

ఆ మండే బావిని తవ్విన రోజుల్లో దాని దారి కొలిచింది వదినే. పాత అంకెలు ఉన్నాయిగా, వాటిని పట్టుకుని వెళ్తే సరిపోతుందన్నారు కంపెనీ పెద్దలు. ఆమె భయమంతా అదే. ఒక్కో కొలతలో వెంట్రుకంత అనుమానం ఉంటుంది, అడుగుకు చేరేసరికి అది ఒక ఇంటి వాకిలంత అవుతుంది, నేను చెప్పిన చోట ఆ బావి ఉండకపోవచ్చు అంది. ఇన్నేళ్ళూ నేను వెక్కిరించిన తోక ఇదా అనుకున్నాను.

వదినకు మార్చుకునే బట్టలు ఇవ్వడానికి రోజూ కొత్త బావి దగ్గరికి వెళ్ళేదాన్ని. గేటు దగ్గర కాపలాదారు నా దగ్గర ప్యాంట్లు కుట్టించుకునేవాడు కాబట్టి ఒకరోజు నన్ను క్యాబిన్ దాకా పోనిచ్చాడు. ఇరుకు గది, బురద మరకల హెల్మెట్లు, గోడకు రెండు తెరలు. బావి తవ్వే రిగ్గుకు పెద్దసారు వదిన కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. పంపులు ఆగాయి. బయట అంతమంది ఉన్నా ఎవరూ కదలలేదు. దూరపు మంట హోరు ఒక్కటే వినిపించింది. పంపులు మళ్ళీ మొదలయ్యాక తెర మీద ఒక గీత ఎగిరిపడడం మొదలుపెట్టింది. భూమి అడుగున ఎవరిదో నాడి కొట్టుకుంటున్నట్టు అనిపించింది.

అంకెలు వచ్చాయి. వదిన వాటిని రెండుసార్లు చదివింది. అయస్కాంత శక్తి ఉండాల్సిన లెక్కలో లేదు. పరికరానికి దగ్గర్లో ఇనుము ఉంటే అలా అవుతుంది. అలాంటి రీడింగు చెడిపోయినట్టే, పనికిరాదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆమె ఇనుమును తప్పించుకుంటూనే బతికింది.

“ఇది పారేద్దాం మేడమ్,” అన్నాడు పెద్దసారు.

“ఇన్నాళ్ళూ పారేశాం సార్. ఇవాళ దానికోసమే వచ్చాం. కింద అంత ఇనుము ఇంకెక్కడిది? అది ఆ బావి గొట్టమే.”

ఆమె కాగితం మీద లెక్క వేసింది. పాత అంకెల ప్రకారం మండే బావి కుడివైపు ఉండాలి. ఇనుము లాగుతున్నది ఎడమవైపు.

“పాత కొలతలు మీవే కదా?” అన్నాడాయన.

“నావే. ఎడమకి తిప్పండి.”

“అటూ ఇటూ ఎంత?” ఎవరూ నవ్వలేదు.

“దూరం రెండు మూడు గజాలు అటూ ఇటూ. పక్క మాత్రం ఎడమే.”

ఆయన ఒప్పుకోలేదు. ఇంకో గొట్టం పొడవు ముందుకు తవ్వించి మళ్ళీ కొలిపించాడు. ఈసారి ఇనుము లాగుడు ఇంకా పెరిగింది, అదీ ఎడమకే. ఆయన టోపీ తీసి, తల గోక్కుని, తిప్పమని డ్రిల్లర్‌కి చెప్పాడు. వదిన టేబుల్ కింద నా చెయ్యి దొరకబుచ్చుకుంది.

అలా కొంచెం తవ్వడం, ఆగడం, కొలవడం. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి బురద తొట్టి దగ్గర కేకలు. తొట్టిలో మట్టం గబగబా పడిపోతోంది. ఎక్కడికి పోతోందని అడిగితే, అవతలి బావిలోకి అన్నారు. కలిశాయి! రెండు బావులు, నా కాళ్ళ కింద అంత లోతున, ఒక ఆడమనిషి కుర్చీలో కూర్చుని వేసిన లెక్కకు కట్టుబడి కలిశాయి. నాకు ఎందుకో నేల మీద కాలు మోపాలంటే భయమేసింది.

బరువైన బురద పంపారు. మంట మొదట లావు తగ్గింది, తర్వాత నల్లబడి, దగ్గుతున్నట్టు రెండుసార్లు ఎగిరి, లేకుండా పోయింది. హోరు ఆగింది. పెద్దసారు మమ్మల్ని జీపులో అటు పంపించాడు.

అన్నయ్య పైపు పట్టుకుని ఇంకా నీళ్ళు కొడుతూనే ఉన్నాడు. పొగ కమ్మేసి మంట పోయిన సంగతి కనిపించలేదు. చెవుల్లో హోరు ఆగలేదు కాబట్టి బయట ఆగిందని అతనికి తెలియలేదు. వదిన బురదలో నడుచుకుంటూ వెళ్ళి నీళ్ళ పంపు కట్టేసింది. నీళ్ళు ఆగాక అతను తిరిగి చూశాడు.

“ఎడమకి తిప్పించాను. నేను తప్పయ్యుంటే మీరు ఇంకో నెల ఇక్కడే నిలబడాల్సొచ్చేది,” అంది వదిన. అంటూనే భోరుమంది. ఆమె ఏడవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

“ఏంటీ?” అని అరిచాడు అన్నయ్య.

వదిన ఆ మాట మళ్ళీ చెప్పలేదు. అతని చేతిలోంచి పైపు తీసి కింద పెట్టి, “ఇంటికి పదండి,” అంది.