నమిలినంతసేపు

మా మరిది పోయాడన్న కబురు ఆదివారం ప్రార్థన మధ్యలో వచ్చింది. బూర్గంపాడులో, తన వంటింట్లోనే, మేక తొడను మెత్తగా కొట్టడానికి కొయ్యసుత్తి ఎత్తి, దించకుండానే పక్కకు ఒరిగిపోయాడట. చూడవచ్చినవాళ్ళంతా "ప్రశాంతంగ పోయిండు" అన్నారు. చేతిలో సుత్తి పట్టుకుని పోయినవాణ్ణి కూడా ప్రశాంతంగా పోయాడనడం మన దగ్గర మర్యాద. ఆ చివరి దెబ్బ పడకుండా మిగిలిపోయినందుకు వాడు ఎంత విసుక్కుని ఉంటాడో నాకు తెలుసు.

నేను కాపురానికి వచ్చేనాటికి వాడింకా నిక్కర్లలో ఉన్నాడు. అందుకని పోయిన మనిషిని 'వాడు' అంటున్నందుకు మీరు నొచ్చుకోవద్దు. ఇంటర్ తప్పి, ఓడలో గిన్నెలు కడిగే పనికి పోయి, చివరికి మధ్యధరా సముద్రంలో ఏదో దీవి మీద, కొండపల్లెలోని ఒక రిసార్టు వంటింట్లో తేలాడు. అక్కడికి కొత్త జంటలు వచ్చి, సూర్యుడు నీళ్ళలో మునిగేదాకా కొవ్వొత్తుల వెలుగులో ఒకరినొకరు చూసుకుంటూ తినేవారట. గోడకు ఇవతల వంటింట్లో వీడు ఆక్టోపస్‌ను రాతికేసి బాదేవాడు. బాదకపోతే ఉడకదట. దెబ్బ సరిగా పడకపోతే పెద్ద వంటవాడు కాలిన గరిటె వీడి ముంజేతికి అంటించేవాడు. ఆ మచ్చలు నాకు చూపించి, "మెత్తగ గావాలంటే దెబ్బ పడాలె వదినె. మనిషికి గాదు, మాంసానికి. గా తేడా ఆయనకు తెల్వదు" అన్నాడు.

మా ఆయన చనిపోయిన ఏడాది వాడు తిరిగొచ్చాడు. గోదావరి గట్టున ఒక కాంట్రాక్టరు కట్టిన రిసార్టులో హోటలు నడిపే పని ఒప్పుకుని, నన్ను ఖమ్మం నుంచి పిలిపించాడు. "నువ్వు గల్లా కాడ కూసో వదినె. నిన్ను జూస్తే ఎవ్వడు నోరెత్తడు." నేను పంతులమ్మగా చేసిన బడిలో పిల్లలు చెప్పుకున్న మాటే ఇది. వాళ్ళు చాటుగా అనేవాళ్ళు, వీడు మొహం మీదే అన్నాడు. ఒంటరి ముసలిదానికి ఉండడానికో చోటు ఇస్తున్నాననే మాటను వాడు అంతకంటే మృదువుగా చెప్పలేడు. నాకూ అంతకంటే మృదువుగా అక్కర్లేదు.

భద్రాచలంలో రాములవారి దర్శనం చేసుకున్న కొత్త జంటలు వంతెన దాటి మా దగ్గరికి వచ్చేవి. తెల్లటి గుడ్డ పరిచిన బల్ల, రెండు కొవ్వొత్తులు, ఎదురుగా ఏరు. కూర్చోగానే పెళ్ళికొడుకు, "కరెంటు ఎప్పుడొస్తదండీ?" అని అడిగేవాడు. నూరిన శనగలు నువ్వుల ముద్దతో కలిపి పెడితే, "చట్నీ వచ్చింది, దోసె ఏది?" అనేవారు. ఒకాయన సంచిలోంచి ఆవకాయ సీసా తీసి చేప మీద వేసుకుంటుంటే మా మరిది ఆ సీసా లాక్కుని గోదావరిలోకి విసిరాడు. వంటింట్లోనూ అంతే. పళ్ళేలు గాలిలో ఎగిరేవి, పీతల డొప్పలు పగిలేవి. బయట మాత్రం వంగి, మెల్లగా, ఒక వంటకం తర్వాత ఒకటి వడ్డించేవాడు. తొందరపడితే ప్రేమ అరగదట.

ఇక ఆ సాయంత్రం సంగతి. అది చెప్పకుండా వాణ్ణి తలుచుకోవడం నాకు చేతకాదు.

పొద్దు గుంకుతుండగా ఒక జంట వచ్చింది. అబ్బాయి కొత్తగూడెంలో రక్తపరీక్షలు చేసే పనిలో ఉన్నాడు, మా చర్చివాడే. అమ్మాయిది కోస్తా నుంచి వచ్చి మిరప తోటలు వేసిన ఆసాముల ఇల్లు. ఆ ఉదయమే రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకుని, ఒక్క పూటైనా పెళ్ళివాళ్ళలా తిందామని వచ్చారు. మొదటి పళ్ళెం బల్ల మీద పెట్టామో లేదో జీపు వచ్చి ఆగింది. అమ్మాయి అన్న, అతని చేతిలో గొడ్డలి. వెనక వెదురుకర్రలు పట్టుకున్న నలుగురు మనుషులు. అందరికంటే చివర తెల్ల పంచెలో పెదనాన్న.

"లెగవే!" అన్నాడు అన్న. తాగి ఉన్నాడు. "నువ్వు ఇంటికి. ఈడు ఏట్లోకి."

మా మరిది గరిటెతో సహా వచ్చి బల్లకు అడ్డం నిలబడ్డాడు. "తింటున్నోళ్లను లేపుతార్రా? మీ ఇంట్ల గట్లనేనా?"

అన్న గొడ్డలి ఎత్తాడు. పెదనాన్న వెనకనుంచి, "ఆగరా" అన్నాడు. "ఆయన చెప్పింది నిజమే. అన్నం ముందున్న మనిషిని లేపకూడదు. తిననియ్యి. తిన్నాక మన పని మనం చూసుకుందాం."

ఆ ఇంట్లో పాలేరు తింటున్నా పిలవరని, చెయ్యి కడుక్కునేదాకా ఆగుతారని నేను తర్వాత విన్నాను. మనిషిని చంపడానికి అడ్డురాని పాపం, పిల్లను పళ్ళెం ముందునుంచి లేపడానికి అడ్డొచ్చింది. నవ్వుకోండి. ఆ నిమిషాన నేను మాత్రం ఆ ముసలాయనకు మనసులోనే దండం పెట్టాను.

వాళ్ళు పక్క బల్లల దగ్గర కూర్చున్నారు. గొడ్డలిని తెల్లగుడ్డ మీద పెట్టారు. నేను గల్లా దగ్గర ఫోనెత్తి పోలీసు స్టేషనుకు చెప్పాను. తమ జీపు అవతలి ఒడ్డున బందోబస్తులో ఉందని, వస్తుందని అన్నారు. మా మరిదికి సైగ చేశాను. వాడు తలూపి వడ్డన మొదలుపెట్టాడు. వంకాయ కాల్చి తెచ్చాడు. రొట్టె తెచ్చాడు, మళ్ళీ వేడి రొట్టె తెచ్చాడు. అమ్మాయి ముక్క తుంచి పళ్ళెంలోనే వదిలేస్తుంటే దాని చెవి దగ్గర వంగాడు. "తిను బిడ్డా. మెల్లగ నములు. నమిలినంతసేపు మిమ్మల్ని ముట్టరు."

ఆ పిల్ల నమిలింది. కళ్ళనుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, దవడ ఆడుతూనే ఉంది. అబ్బాయి నీళ్ళు కూడా నమిలినట్టే తాగాడు. అంత ప్రేమగా తిన్న జంటను ఆ దీవిలో కూడా చూసి ఉండడు మా మరిది. పెదనాన్నకు అనుమానం వచ్చింది. "ఏందయ్యా, ఇంకెన్ని?" అన్నాడు. "ఇంకా చాపే రాలేదు పెద్దాయనా," అన్నాడు వీడు. "పెండ్లి భోజనం గాదా?"

చేప వచ్చింది. అమ్మాయి పెదవి మీద నిమ్మరసం కారితే అబ్బాయి, అలవాటు కొద్దీ కాబోలు, తన గుడ్డతో తుడిచాడు. అన్న అది చూశాడు.

ఒక్క తన్నుతో బల్ల పడింది. పళ్ళేలు పగిలాయి, కొవ్వొత్తి పడి గుడ్డ అంటుకుంది. కర్ర అబ్బాయి నెత్తిన దిగి, కొబ్బరికాయ పగిలిన చప్పుడైంది. అన్న చెల్లెలి జుట్టు పట్టి తల వెనక్కి వంచి గొడ్డలి ఎత్తాడు. మా మరిది ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. రెండు వేళ్ళు చేపముక్కల మధ్య పడ్డాయి. వాడు వెనక్కి తిరిగి వంటింటి గడప మీదున్న కొయ్యసుత్తి అందుకుని అతని మూతి మీద వేశాడు. పళ్ళు రాలాయి. మళ్ళీ వేశాడు. ఆ మొహం మాంసమైపోయేదే. నేను వాడి నడుం పట్టుకుని, "మనిషిరా! మనిషి!" అని అరిచాను. సుత్తి గాలిలోనే ఆగింది.

అప్పుడు ముసలాయన లేచాడు. కింద దుమ్ములో పడిన రొట్టెను, చేపను, నెత్తురును చూశాడు. పనివాడి చేతిలోని కర్ర లాక్కుని తమ్ముడి కొడుకును, ఆ నోరు పగిలినవాణ్ణే, వీపు మీద, మోకాళ్ళ మీద చితక్కొట్టాడు. "అన్నం తన్నావురా! వడ్డించిన అన్నం తన్నావు!" కర్ర విరిగేదాకా కొట్టాడు. తర్వాత అమ్మాయి వైపు చూడకుండా, "మాకింక పిల్ల లేదు. ఈ గడప మేమింక తొక్కం" అన్నాడు. వాణ్ణి ఈడ్చుకుంటూ జీపెక్కించి వెళ్ళిపోయాడు. వాళ్ళు ఇప్పటికీ రాలేదు. ఆ జంట బతికే ఉంది, ఇప్పుడు ఇద్దరు పిల్లలు.

నేను మంట మీద నీళ్ళు పోశాను. ఇంకా రాని పోలీసుల కోసం ఆగకుండా, రిసార్టు వ్యానులో ముగ్గుర్నీ ఎక్కించుకుని భద్రాచలం దవాఖానాకు బయల్దేరాం. అబ్బాయి తల అమ్మాయి ఒడిలో ఉంది, స్పృహ వచ్చీపోతోంది. మా మరిది ముందు సీట్లో, గుడ్డ చుట్టిన చేతిని పైకెత్తి పట్టుకుని, వెనక్కి తిరిగాడు.

"ఏం బిడ్డా, చాప ఎట్లున్నది? ఎవ్వరు చెప్పకపోతిరి."

అమ్మాయి వెక్కుతూనే, "ఉప్పు తక్కువైందండీ" అంది.

వాడికి ఒళ్ళు మండిపోయింది. "తక్కువనా? నా చేతి వంటల ఉప్పు తక్కువనా? వదినె, నువ్వు చెప్పు!"

నేను తినలేదన్నాను. వాడు ఒక్క క్షణం నా వంక కొరకొరా చూసి, పెద్దగా నవ్వేశాడు. వెనక ఆ పిల్ల కూడా నవ్వింది. మెలకువ వచ్చిన అబ్బాయి, ఏం జరిగిందని అడిగాడు. వంతెన కింద ఏరు నల్లబడుతోంది. నెత్తురు మోచేతిదాకా కారుతున్నా వాడు ఆ చెయ్యి దించలేదు. ఎవరినో దూరం నుంచి భోజనానికి పిలుస్తున్నట్టు ఎత్తే ఉంచాడు.